కెమిస్ట్రీ పీరియడ్‌లో కంప్యూటర్లెందుకు?

తల్లిదండ్రులకు నమస్కారం.

"మా వాడు కెమిస్ట్రీ హోంవర్క్ అని చెప్పి పైథాన్ ముందు కూర్చుంటున్నాడు, నిజమేనా?" అని ఈ మధ్య కొందరు అడిగారు. నిజమే. పైథాన్ అంటే కంప్యూటర్ ప్రోగ్రాములు రాసే ఒక భాష. ఈ ఏడాది హైస్కూల్ రసాయనశాస్త్రంలో కొన్ని పాఠాలకు పిల్లలచేత చిన్న చిన్న ప్రోగ్రాములు రాయిస్తున్నాం. సూత్రం బట్టీపట్టి పరీక్ష గట్టెక్కవచ్చు. అదే సూత్రాన్ని కంప్యూటర్‌కు చెప్పాలంటే మాత్రం ముందు మనకు తెలిసుండాలి.

మొదటి పని అణుభారం లెక్క. హైడ్రోజన్ 1.008, ఆక్సిజన్ 15.999 అంటూ ఒక పట్టిక పెట్టుకుని, ఫార్ములా చదివి కూడే ప్రోగ్రాం రాయాలి. నీటికి 18.015 వస్తుంది, అందరూ ఖుషీ. అప్పుడు కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే Ca(OH)₂ ఇస్తాం. రావలసింది 74.09, బ్రాకెట్ సంగతి పట్టించుకోని ప్రోగ్రాం 58.09 దగ్గరే ఆగిపోతుంది. బ్రాకెట్ బయటి 2 హైడ్రోజన్‌కు మాత్రమే దక్కింది, ఒక ఆక్సిజన్ గల్లంతైంది. ఇది కోడింగ్ తప్పా, కెమిస్ట్రీ తప్పా అని టీచర్ అడిగితే క్లాసంతా వాదనే. అన్నట్టు, అక్షరాల విషయంలో కంప్యూటర్ మా టీచర్లకంటే కఠినం. సి, ఓ రెండూ క్యాపిటల్ అయితే కార్బన్ మోనాక్సైడ్, ఓ స్మాల్ అయిందా కోబాల్ట్ లోహం!

నాకు బాగా నచ్చింది సమతాస్థితి పాఠం. ముందుకూ వెనక్కూ జరిగే చర్యలో రెండు వేగాలూ సమానమయ్యే స్థితి అది. సమతాస్థితి వస్తే చర్య ఆగిపోతుందని పిల్లలు గట్టిగా నమ్ముతారు. ఆగదని పుస్తకం చెప్పినా ఆ నమ్మకం ఓ పట్టాన పోదు. అందుకే తెర మీద 1000 నీలం అణువులు పెడతాం. ప్రతి అడుగులో నీలంలో 10 శాతం ఎరుపవుతాయి, ఎరుపులో 5 శాతం తిరిగి నీలమవుతాయి. అరవై అడుగులు నడిచేసరికి నీలం 333, ఎరుపు 667 దగ్గర నిలకడగా ఉంటాయి. గ్రాఫ్ గీత చదునైపోయింది కదా, ఇక ఏమీ జరగడం లేదా? లోపల ఎన్ని మారుతున్నాయో ప్రింట్ చేసి చూడమంటాం. ప్రతి అడుగులో అటు 33, ఇటు 33! తర్వాత 10ని 20, 5ని 10 చేయమంటాం. నిలకడ త్వరగా వస్తుంది, చివరి సంఖ్యలు మాత్రం అవే. చర్యను వేగిరపరిచే ఉత్ప్రేరకం చేసే పని అదేనని అప్పుడు చెబితే విడమర్చాల్సిన పని ఉండదు.

ల్యాబ్ తగ్గించేస్తున్నారా అన్నది ఇంకొందరి సందేహం. ఒక్క ప్రయోగం కూడా తగ్గించలేదు. తెర మీది అణువులు మనం రాసిన నియమాన్ని దాటి ఏమీ చేయవు. పరీక్షనాళిక అలా కాదు. టైట్రేషన్‌నే చూడండి, అంటే ఒక ద్రావణంలో మరోదాన్ని కొద్దికొద్దిగా పోస్తూ చర్య ఎక్కడ పూర్తవుతుందో కొలవడం. 25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అంతే గాఢత ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ పోస్తుంటే, 24.9 మిల్లీలీటర్ల దగ్గర పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత) 3.7, 25.1 దగ్గర 10.3. ఈ వక్రరేఖను ముందుగా ప్రోగ్రాంతో గీసుకున్న పిల్లలు బ్యూరెట్ (కొలతలున్న గాజు గొట్టం) దగ్గర చివరి చుక్కలు ఎంత జాగ్రత్తగా వదలాలో తెలుసుకునే ల్యాబ్‌లోకి వస్తారు. చర్య పూర్తయిందని రంగుతో చెప్పే ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు తిరగడం మాత్రం కళ్లతో చూడాల్సిందే.

ఇందుకోసం ఇంట్లో కంప్యూటర్ కొనక్కర్లేదు. పని దాదాపుగా స్కూల్లోనే పూర్తవుతుంది, మిగిలితే సాయంత్రం కంప్యూటర్ గది తెరిచే ఉంచుతాం. ప్రోగ్రామింగ్ కొత్తవాళ్లకు సగం రాసిన ప్రోగ్రాం ఇచ్చి, మిగతాది పూరించమంటాం. మార్కులు కోడ్ అందానికి కాదు, జవాబు ఎందుకలా వచ్చిందో చెప్పగలిగినందుకు. కాబట్టి ఏఐ చేత రాయించి తెస్తే పెద్ద లాభం లేదు, "ఈ అంకె మారిస్తే ఏమవుతుంది?" అని టీచర్ అడిగితే జవాబు చెప్పాల్సింది పిల్లలే. ఇంట్లో మీరూ అదే ప్రశ్న అడగండి. మీకు పైథాన్ రాకపోవడమే మేలు, తప్పును మీరు సరిదిద్దేయరు.

తర్వాతి పాఠం అర్ధాయువు, అంటే రేడియోధార్మిక పదార్థంలో సగం తరిగిపోవడానికి పట్టే కాలం. కార్బన్-14కు అది సుమారు 5,730 ఏళ్లు, అంతసేపు క్లాసులో కూర్చోలేం గనక ముందు నాణేలు ఎగరేస్తాం. బొమ్మ పడినవాటిని తీసేసి, మిగిలినవి మళ్లీ ఎగరేయాలి. ఆ తర్వాత అదే ఆట పది వేల నాణేలతో ప్రోగ్రాంలో. పిల్లలు చిల్లర అడిగితే ఓ గుప్పెడు ఇచ్చి పంపండి, లెక్కపెట్టి వెనక్కి పంపిస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు