గోడ దగ్గర చూసే కెమెరా బేస్ దగ్గర గుడ్డిదా?

మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ బడ్ సెలిగ్ గారికి,

నమస్కారం. డెట్రాయిట్ శివారులో ఉంటున్న తెలుగువాణ్ణి. క్రికెట్ చూస్తూ పెరిగి, ఇక్కడికి వచ్చాక మీ ఆట మరిగాను. ఈ 2010 జూన్ 2 రాత్రి, అంపైర్ తప్పు తీర్పు వల్ల మా డెట్రాయిట్ టైగర్స్ జట్టులో బంతి విసిరే ఆర్మాండో గలరాగా చేతిలోంచి అరుదైన రికార్డు జారిపోయినప్పటి నుంచి కడుపు ఉడికిపోతోంది.

ఆ రాత్రి గలరాగా ఒక్కరినీ బేస్ (బ్యాటర్ పరుగెత్తి చేరాల్సిన గుర్తు) చేరనివ్వకుండా వరుసగా 26 మందిని ఔట్ చేశాడు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో మా ఫీల్డర్ ఆస్టిన్ జాక్సన్ వెనక్కి పరుగెత్తి భుజం మీదుగా క్యాచ్ పట్టాక మా ఇంట్లో ఎవరూ కూర్చోలేదు. 27వ బ్యాటర్, అంటే చివరివాడు, జేసన్ డొనాల్డ్. నేల మీదుగా వచ్చిన బంతిని మా ఫీల్డర్ కబ్రెరా అందుకుని విసిరాడు. గలరాగా పరుగున వచ్చి, బేస్ మీద కాలు మోపి పట్టాడు. డొనాల్డ్ ఇంకా బేస్ చేరనే లేదు. అయినా అంపైర్ జిమ్ జాయిస్ చేతులు చాచి ‘సేఫ్’, అంటే నాటౌట్, అన్నారు. ఇన్నేళ్ల మీ చరిత్రలో 20 సార్లే సాధ్యమైన పర్ఫెక్ట్ గేమ్ (ప్రత్యర్థుల్లో ఒక్కరూ బేస్ చేరకుండా 27 మందినీ ఔట్ చేయడం) మామూలు 3-0 గెలుపు అయిపోయింది. గలరాగా చిన్నగా నవ్వి మళ్లీ బంతి వేయడానికి వెళ్లాడు. నాకైతే నవ్వు రాలేదు.

జాయిస్ గారి మీద నాకు కోపం లేదు. వీడియో చూసి, తప్పు ఒప్పుకుని, ఆ కుర్రాడికి స్వయంగా క్షమాపణ చెప్పారు. మర్నాడు గలరాగా లైనప్ కార్డు (ఆడే ఆటగాళ్ల జాబితా) తెచ్చి ఇస్తుంటే కళ్లు తుడుచుకున్నారు. తప్పు చేసినవారు ఒప్పుకున్నారు, నష్టపోయినవాడు క్షమించాడు. ఇక అడ్డేమిటి? మిషిగన్ గవర్నర్ గారైతే అది పర్ఫెక్ట్ గేమేనని ప్రకటించేశారు. కానీ రికార్డు పుస్తకం ఉన్నది మీ చేతిలో. మీరు తీర్పు మార్చలేదు, రీప్లే సంగతి పరిశీలిస్తామన్నారు. ఆ మాటకు అర్థం మాకు బాగా తెలుసండీ. మా దేశంలో అర్జీ మీద ‘పరిశీలిస్తాం’ అని రాశారంటే, ఇంటికి వెళ్లి పడుకోమని.

హోమ్ రన్‌లకు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) 2008 ఆగస్టు నుంచి రీప్లే ఉంది. బంతి గోడ దాటిందో లేదో చెప్పే కెమెరా, కాలు బేస్‌ను ఎప్పుడు తాకిందో చెప్పలేదా? నిరుడు అక్టోబరులో యాంకీ స్టేడియంలో మినెసోటా బ్యాటర్ జో మావర్ కొట్టిన బంతి గీత లోపల పడడం లోకమంతా చూసింది, దగ్గరే నిలబడ్డ అంపైర్ తప్ప. బేస్ దగ్గర ఇలాంటి తప్పు తీర్పే పడ్డ 1985 వరల్డ్ సిరీస్ (లీగ్ ఫైనల్) ఆరో మ్యాచ్ గురించి సెయింట్ లూయిస్‌లో ఎవరినైనా కదిపి చూడండి, పాతికేళ్ల కోపం బయటికి వస్తుంది.

క్రికెట్‌లో 1992లోనే, డర్బన్‌లో, మూడో అంపైర్ టీవీ చూసి సచిన్‌ను రనౌట్ ఇచ్చారు. బాధపడ్డాం గానీ, మోసపోయామని అనుకోలేదు. (ఇప్పుడు రివ్యూ పద్ధతి వద్దంటున్నది మా బోర్డే కదా అని మీరు ఎత్తిపొడిస్తే తల వంచుకుంటాను.)

ఆట ఆలస్యమవుతుందంటారు. మేనేజర్ మైదానంలోకి వచ్చి అంపైర్ ముఖం మీద అరిచేంతలో రీప్లే నాలుగుసార్లు చూడవచ్చు. పొరపాట్లు ఆటలో భాగమంటారు. పొరపాటు అంపైర్‌ది, భాగం పంచుకున్నది మాత్రం గలరాగా!

దయచేసి ఆ రికార్డు సరిచేయండి. అది కుదరదంటే బేస్‌ల దగ్గర రీప్లే పెట్టండి. అదీ ఇప్పుడే కాదంటే, కనీసం ఏ సంవత్సరం నుంచి పెడతారో చెప్పండి. ‘పరిశీలన’ అని మాత్రం అనకండి.

ఇట్లు,
ఒక టైగర్స్ అభిమాని
జూన్, 2010