చీమా ఏనుగూ ఒకే చార్టులో

ఒరేయ్ సీనూ,

నువ్వు పంపిన ఎక్సెల్ ఫైలు ఇప్పుడే చూశాను. మీ పాల కేంద్రం లెక్కలు బాగానే ఉన్నాయి గానీ ఆ చార్టేంట్రా బాబూ! 2,800 లీటర్ల గీత పైన హాయిగా ఊగుతుంటే, 6.5 దగ్గరున్న వెన్న శాతం అడుగున నేలకి అతుక్కుపోయింది. అది 6 అయినా 7 అయినా కంటికి ఒకటే.

సెకండరీ యాక్సిస్ పెట్టమంటారు అందరూ. గీత మీద రైట్ క్లిక్ కొట్టి, ఫార్మాట్ డేటా సిరీస్‌లోకి వెళ్తే ఉంటుంది, కుడివైపు ఇంకో కొలబద్ద పుట్టుకొస్తుంది. నేనూ అమ్మకాలకీ లాభం శాతానికీ అలాగే పెట్టి మీటింగులో అడ్డంగా దొరికిపోయాను. "జూన్‌లో ఈ రెండు గీతలూ ఎందుకు దాటుకున్నాయి?" అన్నారు పెద్దాయన. ఎందుకూ లేదు, కుడి కొలబద్ద ఎక్కడ మొదలైందో దాన్నిబట్టి అలా కనిపించిందంతే. కింది అంకె కాస్త మారిస్తే ఆ దాటడమే మాయమైపోయింది!

అందుకే లీటర్లకొకటి, వెన్నకొకటి, రెండు చార్టులు పెట్టు, ఒకదాని కింద ఒకటి. ఆల్ట్ నొక్కి లాగితే గడుల అంచుకి అతుక్కుంటాయి. ఎడమ కొలబద్ద మీద 2,800 అని రాయడానికి 6.5 కన్నా ఎక్కువ చోటు కావాలి గనక ప్లాట్ ఏరియా, అంటే గీతలుండే భాగం, కొంచెం పక్కకి జరుగుతుంది, తేదీలు ఒకే వరసలోకి వచ్చేలా చేత్తో సరిచెయ్యి.

ఊళ్లవారీ చార్టు సంగతి వేరు. అక్కడ అన్నీ లీటర్లే, కాకపోతే ఒక ఊరు 900, ఇంకో ఊరు 12. దానికి లాగ్ స్కేల్ పనికొస్తుంది, అంటే 1, 10, 100, 1,000 అని ఒక్కో మెట్టుకీ పదిరెట్లు పెరిగే కొలబద్ద, కానీ బార్లు మాత్రం వద్దు. 2011 జనాభా లెక్కలతో చేసి చూశా: ఉత్తరప్రదేశ్ దాదాపు 20 కోట్లు, లక్షద్వీప్ 64 వేలు, అంటే 3,000 రెట్లకి పైనే తేడా. లాగ్ కొలబద్ద 10,000 నుంచి మొదలెడితే యూపీ బారు ఐదింతలే ఉంది, 1,000 నుంచి అయితే మూడింతలు, 1 నుంచి అయితే రెండింతలు కూడా లేదు! బారు పొడుగుకి అర్థమే లేదన్నమాట. లైన్ చార్టు వేసి, గీత తీసేసి చుక్కలే ఉంచు. పాలు రాని రోజు సున్నా ఉంటే లాగ్ తీసుకోదు, అది గుర్తుంచుకో.

అన్నట్టు, నీ ఫైల్లోనే వెన్నకి విడిగా చార్టు వేశాను. 14వ తేదీన 5.8కి పడిపోయి ఉంది, నీ పాత చార్టులో అది కనబడనే లేదు. ఆ రోజు క్యాన్లో నీళ్లెవరు కలిపారో కనుక్కుని రాయరా.

నీ
రాము