ట్రంపెట్ వాయించింది ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో మా ఆల్బమ్ గురించి నాలుగు వాక్యాలు వేశారు. ముందుగా అందుకు ధన్యవాదాలు. తెలుగులో సోల్, జాజ్ పాటలకు, అంటే అమెరికా నల్లజాతివారి నుంచి వచ్చిన సంగీతానికి, పత్రికలో ఆపాటి చోటు దొరకడమే అరుదు. అయితే ఆ నాలుగు వాక్యాల్లో రెండు తప్పులు దొర్లాయి. 'గాయని ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు ఒంటరిగా కూర్చుని చేసిన ఏడు పాటలు' అని రాశారు. ఆమె ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నమాట నిజమే. అందులో పిల్లల మార్కుల జాబితాలు తప్ప మరేమీ లేవు, ఆమె బడిలో లెక్కల పంతులమ్మ. ఆ ఏడు పాటల్లో మేం ఆరుగురం ఉన్నాం. నేను కీబోర్డు వాయించాను, నాలుగింటికి బాణీ కట్టాను. రెండో తప్పు సంగతి కాస్త ఆగి చెబుతాను.

నా పేరు రాలేదని ఈ ఉత్తరం రాయడం లేదు. భక్తిగీతాల క్యాసెట్లతో మొదలుపెట్టి ప్రకటనలకు, సీరియళ్లకు ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాను. ఒక క్యాసెట్ అట్ట మీదైతే అగరుబత్తుల ప్రకటనకు చోటు దొరికింది గానీ మాకు దొరకలేదు. నాకది అలవాటే. మా ట్రంపెట్ పెద్దాయనకు అలవాటు లేదు. ఆయనది పెళ్లిళ్ల బ్యాండుమేళం. అక్కడ మేళం పేరు పెద్ద డ్రమ్ము మీద ఎర్రరంగుతో, వీధి చివరివాడికి కూడా కనిపించేట్టు రాసి ఉంటుంది. మీ పత్రిక కొని రెండుసార్లు చదివి, నాకు ఫోన్ చేసి, "మాస్టారూ, ఇది మన పాటల గురించేనా?" అని అడిగారు. ఏం చెప్పాలో తోచక మీకు రాస్తున్నాను.

మా మొదటి పాట హార్మోనియం మీద పుట్టింది. నేను గుంటూరులో, చర్చిలో, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ముందు పెట్టుకుని ఒక చేత్తో గాలి కొడుతూ మరో చేత్తో మెట్లు వెతుక్కుంటూ నేర్చుకున్నవాడిని. పాస్టరుగారు ఒక చరణం అందుకుంటారు, సంఘమంతా దాన్ని తిరిగి అందుకుంటుంది. కాలేజీ హాస్టల్లో ఎవరో అమెరికా సోల్ గాయని అరెతా ఫ్రాంక్లిన్ క్యాసెట్ పెట్టినప్పుడు భాష సగం అర్థం కాలేదు గానీ, ఆ అందుకోవడం మాత్రం మా చర్చిలోదే అనిపించింది. ఆమె కూడా డెట్రాయిట్‌లో ఒక పాస్టరుగారి అమ్మాయేనని, తండ్రి చర్చిలోనే పాట నేర్చిందని తర్వాత తెలిసింది. మా గాయని దొరికిందీ చర్చి బృందంలోనే.

అసలు కష్టం మాటల దగ్గర వచ్చింది. తెలుగు అజంత భాష కదా, మాటలు అచ్చుతో ముగుస్తాయి, సోల్ గానానికి ఇంతకన్నా అనువైనది ఏముంటుందని సంబరపడ్డాం. ఒక అచ్చును పట్టుకుని నాలుగైదు స్వరాల మీదుగా జార్చడం ఆ గానానికి ప్రాణం. కానీ మనకు హ్రస్వం దీర్ఘమైతే అర్థమే మారిపోతుంది. రెండో పాట పల్లవిలో 'పడి లేచాను' అని ఉంది. తాళం దెబ్బ 'ప' మీద పడుతోంది, గొంతు అక్కడే సాగుతోంది, అది కాస్తా 'పాడి లేచాను' అవుతోంది. మా డ్రమ్మర్ రెండు రోజులు ఊరుకుని, "ఎన్ని గేదెలమ్మా?" అని అడిగేశాడు. మాట మార్చి చూశాం, బాణీ మార్చి చూశాం. మూడు వారాలు ఆ ఒక్క మాట దగ్గరే కూర్చున్నాం. చివరికి గాయనే దారి కనిపెట్టింది. 'ప'ను దెబ్బకు అర అక్షరం ముందే అనేసి, దెబ్బను 'డి' మీద పడనిచ్చి, ఆ చివరి అచ్చును సాగదీసింది. మాట చివర ఎంత సాగినా తెలుగు చెవికి అభ్యంతరం లేదు. తోపుడుబండి మీద కూరలమ్మే మనిషి రోజూ చేసేది అదే. దెబ్బకన్నా ముందే మాట జారడం జాజ్‌లో మామూలు. రెండు దారులూ ఒకచోట కలిసినందుకు ఆ రోజు మిరపకాయ బజ్జీలు తెప్పించుకున్నాం.

డ్రమ్మర్‌ను వెక్కిరించే అవకాశం మాకూ వచ్చింది లెండి. అతను మొదట మృదంగం నేర్చుకున్నవాడు. జాజ్ నడకలో పక్కపక్కన పడే రెండు అక్షరాలు సమానంగా ఉండవు. మొదటిది కాస్త బరువు, రెండోది తేలిక. అది చెప్పగానే అతను గీసిన గీతలా తిశ్రం, అంటే దెబ్బకు మూడు సమాన అక్షరాల లెక్క, వాయించాడు. లెక్క తప్పలేదు గానీ పాట జట్కా ఎక్కినట్టయింది. ఆ లెక్క వదులుకోవడానికి అతనికి రెండు నెలలు పట్టింది.

ఇక ట్రంపెట్. ఆయనకు పెళ్లి ముహూర్తాలు ఉన్నంతకాలం తీరిక లేదు, అందుకని ఆషాఢం దాకా ఆగాం. ఆయనకు సంగీతం రాసిన కాగితం చదవడం రాదు, విని పట్టుకుంటారు. నేను పాడి వినిపిస్తే ఫోన్లో రికార్డు చేసుకుని, నాలుగు రోజులు అదే వింటూ తిరిగి వచ్చారు. గదిలో మొదటిసారి ఊదినప్పుడు కిటికీ అద్దాలు అదిరాయి. నలభై ఏళ్లు బారాతు ముందు, బాణసంచా మధ్య ఊదిన ఊపిరి అది. ఆయన సిగ్గుపడి, "నాకు ఇది రాదేమో" అన్నారు. అప్పుడు చెప్పాను. అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌లో ఈ సంగీతం రూపు దిద్దుకున్నది ఊరేగింపులకూ శవయాత్రలకూ వీధుల్లో వాయించిన బ్యాండుమేళాల చుట్టూనే. మాలో అందరికన్నా జాజ్‌కు దగ్గరి చుట్టం ఆయనే. 1920లలో డ్యూక్ ఎల్లింగ్టన్ జాజ్ బృందంలో బబ్బర్ మైలీ ట్రంపెట్ వెడల్పాటి మూతికి సింకు గొట్టాలు శుభ్రం చేసే రబ్బరు డొప్పను అడ్డం పెట్టి, తీస్తూ మూస్తూ దాన్ని మనిషిలా మూలిగించాడు. మేమూ హార్డ్‌వేర్ దుకాణంలో అరవై రూపాయలు పెట్టి ఒకటి కొన్నాం. పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కొత్తదే కదా?" అని రెండుసార్లు అడిగారు. నాలుగో పాటలో వినిపించేది అదే. మీరు దాన్ని 'మనసును తాకే సన్నాయి' అని రాశారు. రెండో తప్పు ఇదే. ఆల్బమ్‌లో సన్నాయి ఎక్కడా లేదు.

రికార్డింగ్ సికింద్రాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో, రోజుకు పన్నెండు వేల అద్దెతో రెండు రోజులు జరిగింది. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, చెవిలో టిక్కుటిక్కుమనే తాళం పెట్టి వాయించమని ఇంజినీరు సలహా. నా ఉద్యోగమంతా అలాగే గడిచింది, ఎవరి పాటకు వాయించానో తెలియకుండా ఇంటికి వెళ్లిన రోజులెన్నో. ఈసారి ఒప్పుకోలేదు. అందరం కలిసి ఒకేసారి వాయించాం. డ్రమ్ముల చప్పుడు గాయని మైకులో పడుతుంది, ఒకరు తప్పితే అందరూ మళ్లీ మొదలుపెట్టాలి. మూడో పాట పదకొండుసార్లు వాయించి నాలుగోదాన్ని ఉంచాం. అందులో రెండో చరణం దగ్గర నా వేలు పక్క మెట్టు మీద పడింది. ట్రంపెట్ పెద్దాయన అది విని, క్షణంలో ఆ తప్పు స్వరాన్నే అందుకుని దాని మీద ఒక సంగతి కట్టారు. తుడిచేయడానికి మనసొప్పలేదు. బేస్ గిటార్ మోత తగ్గడానికి తీగల కింద, బ్రిడ్జి దగ్గర, వంటింటి స్పాంజి ముక్క దూర్చాం. డెట్రాయిట్ సోల్ రికార్డుల సంస్థ మోటౌన్ పాటల్లో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా అలాగే ఫోమ్ ముక్క పెట్టుకుని, ఒక్క చూపుడువేలితో వాయించేవాడు.

అయినా ట్రంపెట్ ధాటికి గది చాలలేదు. ఆయన్ను వసారాలో, ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్ పక్కన నిలబెట్టి తలుపు ఓరగా తెరిచాం. ఇందులోనూ మాకు పెద్దలు ఉన్నారు. గాయకుడు గిల్ స్కాట్-హెరాన్, వాద్యకారుడు బ్రయన్ జాక్సన్ కలిసి చేసి 1974లో విడుదలైన 'వింటర్ ఇన్ అమెరికా' ఆల్బమ్‌ను మేరీలాండ్‌లో ఒక ఇరుకు స్టూడియోలో రికార్డు చేశారు. ఇద్దరికీ చోటు చాలక జాక్సన్ వసారాలో వాటర్ కూలర్ పక్కన నిలబడి ఫ్లూట్ వాయించాడు. దాన్ని విడుదల చేసిన స్ట్రాటా-ఈస్ట్ సంస్థను 1971లో చార్లెస్ టాలివర్, స్టాన్లీ కవెల్ అనే ఇద్దరు జాజ్ వాద్యకారులే పెట్టారు.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. అంతా కలిపి రెండు లక్షల ఎనభై నాలుగు వేలు అయింది. అమెరికా జాజ్ స్వరకర్త మరియా ష్నైడర్ 2004లో శ్రోతల దగ్గర ముందే డబ్బు సమకూర్చుకుని, దుకాణాల్లో అమ్మకుండానే ఒక జాజ్ ఆల్బమ్ తెచ్చి గ్రామీ గెలిచిందని చదివి మేమూ తెలిసినవాళ్లను అడిగాం. సగం వచ్చింది. మిగతాది మాదే. గ్రామీ మాట నేను ఎత్తను.

పేర్ల విషయానికి వస్తాను. పాత జాజ్ రికార్డుల అట్ట వెనుక ఎవరు ఏం వాయించారో, తరచుగా ఏ తేదీన వాయించారో కూడా ఉంటుంది. మోటౌన్‌లో మాత్రం 1971లో గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ 'వాట్స్ గోయింగ్ ఆన్' వచ్చేదాకా ఆస్థాన వాద్యబృందం పేర్లు అట్ట ఎక్కలేదు. అప్పటికే వాళ్లు వాయించిన పాటలు ప్రపంచమంతా మోగుతున్నాయి. మన కాపీరైట్ చట్టంలో ప్రదర్శకుల జాబితాలో గాయకులతో పాటు వాద్యకారులూ ఉన్నారు. పాములు ఆడించేవాళ్లు కూడా ఉన్నారు, నేను చదివి చూశాను. 2012 సవరణతో చేరిన 38బి సెక్షన్ ప్రకారం, పేరు చెప్పడానికి వీల్లేని సందర్భాల్లో తప్ప, తన ప్రదర్శన తనదేనని చెప్పించుకునే హక్కు ప్రదర్శకుడికి ఉంది. నేను కోర్టు మాట ఎత్తడం లేదు. మేం పాటలు ఎక్కించిన యాప్‌లో ప్రధాన కళాకారుల పేరు నింపకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. మిగతావాళ్ల గడులు ఖాళీగా వదిలినా ఏమీ అనదు. మేం ఆరూ నింపాం. అవి కనిపించాలంటే మూడుచోట్ల నొక్కాలి. మీ విలేకరి అక్కడిదాకా వెళ్లి ఉండరు, అది ఆయన తప్పనీ అనను.

నేను కోరేది చిన్నది. ఆల్బమ్‌ల గురించి రాసినప్పుడు చివర ఒక్క పంక్తిలో వాద్యకారుల పేర్లు వేయండి. మా ఆరుగురి పేర్లు, వాద్యాలతో సహా, విడి కాగితం మీద జతచేశాను. చోటు చాలకపోతే నాది తీసేయండి, ట్రంపెట్ ఆయనది మాత్రం ఉంచండి. ఆయన ఇంటిపేరులో ఉన్నది 'ళ', 'ల' కాదు.

ఇట్లు,
కీబోర్డు వాద్యకారుడు, సికింద్రాబాద్