కారుచౌడుకు జిప్సం ఎంత? కార్డు చెప్పదు

సంపాదకులకు,

సాగునీళ్లు ఒకటే, ఎరువులు ఒకటే. అయినా ఒక రేగడి చేలో నీరు ఇంకుతుంది, పక్క చేలో మడుగు కడుతుంది. తేడా బంకమట్టి రేకులను అంటిపెట్టుకున్న అయాన్లలో, అంటే విద్యుదావేశమున్న కణాలలో ఉంది. రేగడిలో ఎక్కువగా ఉండే మాంట్‌మోరిలొనైట్ అనే బంకమట్టి ఖనిజపు రేకులకు రుణావేశం ఉంటుంది. అక్కడ కాల్షియం ఉంటే, తడిసినా రేకుకూ రేకుకూ దూరం సుమారు 2 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది. సోడియం ఉంటే 4 దాటి, రేకులు పూర్తిగా విడిపోతాయి. సోడియం మట్టి నీరు ఎక్కువే పడుతుంది: దాని ద్రవ పరిమితి (మట్టి జారుడు బురదగా మారే నీటి శాతం) 710 శాతం దాకా, కాల్షియం మట్టిది 510. కానీ ఆ నీరు పైరుకు అందదు. విడిన రేకులు సందులన్నీ పూడ్చేస్తాయి, వేళ్లకు గాలి ఆడదు.

రైతుకిచ్చే భూసార కార్డులో 12 అంశాలుంటాయి గానీ వినిమయ సోడియం, అంటే రేకులను అంటుకుని ఉన్న అయాన్లలో సోడియం వాటా, ఉండదు. అది 15 శాతం దాటితే ఆ నేల కారుచౌడు. దీనికి మందు జిప్సం, అంటే కాల్షియం సల్ఫేటు: అందులోని కాల్షియం సోడియాన్ని తప్పించి దాని చోట చేరుతుంది. ఉదజని సూచిక (pH) 8.5 దాటడం అనుమానానికి ఆధారమే తప్ప, జిప్సం మోతాదు దాన్నిబట్టి తేలదు. 100 గ్రాముల మట్టిలో ఒక మిల్లీ ఈక్వివలెంట్ (అయాన్లను లెక్కించే ప్రమాణం) సోడియాన్ని తొలగించడానికి, 15 సెంటీమీటర్ల లోతుకు, ఎకరాకు దాదాపు 770 కిలోల శుద్ధ జిప్సం కావాలి. సరుకు 70 శాతం శుద్ధమైతే 1,100 కిలోలు. అందరికీ ఒకే లెక్కన బస్తాలు పంచితే ఒకరికి చాలదు, ఇంకొకరికి వృథా.

ఇంట్లోనే చూసుకోవచ్చు. ఎండిన చిన్న గడ్డను గాజు గ్లాసులోని వాన నీటిలో కలపకుండా వదలండి. బోరు నీరు వద్దు, అందులోని లవణాలు అసలు సంగతి దాచేస్తాయి. మర్నాటికీ నీరు బురదగా, తేరుకోకుండా ఉంటే సోడియాన్ని అనుమానించాలి. చిటికెడు జిప్సం వేసి కలిపితే బురద అడుగుకు దిగుతుంది.

పాలచౌడును, అంటే కరిగే లవణాలు పేరుకున్న నేలను, మంచినీటితో కడిగితే సరిపోతుంది. కారుచౌడును జిప్సం లేకుండా కడిగితే మరీ బిగుస్తుంది, ఎందుకంటే రేకులను కాస్తయినా దగ్గరగా పట్టి ఉంచే లవణాలూ కొట్టుకుపోతాయి. లీటరు నీటిలో కరిగే జిప్సం 2.5 గ్రాములే. కాబట్టి చల్లి, పైపైన కలియదున్ని, గట్లు కట్టి నీరు నిలపాలి. మురుగు కాల్వ లేకపోతే సోడియం సల్ఫేటు చేలోనే మిగిలి పని చెడుతుంది. తర్వాత జీలుగ వేసి దున్నాలి.

ఉదజని సూచిక 8.5 దాటిన నమూనాలకైనా వినిమయ సోడియం కొలిచి, ఎకరాకు జిప్సం ఎన్ని కిలోలో కార్డు మీదే ముద్రించాలని వ్యవసాయ శాఖను కోరుతున్నాం.

– భూసార పరీక్షల రంగంలోని కొందరు పాఠకులు