రికార్డు పుస్తకంలోనే మొదలవుతోంది: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను. చేయని ప్రయోగానికి, అడగని సర్వేకి లెక్కలు కల్పించి రాసే అలవాటు గురించి మీకు రాస్తున్నాను.

ఏ కాలేజీలోనైనా రికార్డు పుస్తకాలు తెప్పించి చూడండి. లఘులోలకం ప్రయోగంలో గురుత్వ త్వరణం అందరికీ పుస్తకంలో ఉన్న 980 (సెం.మీ./సె²) దగ్గరే వస్తుంది. స్టాప్‌వాచీ పనిచేయని ల్యాబులో కూడా! ముందు జవాబు రాసుకుని, దానికి సరిపడా రీడింగులు వెనక్కి లెక్కకట్టడం మన పిల్లలకు మొదటి ఏడాదిలోనే వచ్చేస్తుంది. 940 వచ్చిందని ఉన్నదున్నట్టు రాసినవాడికి మార్కులు కోసి, సీనియర్ రికార్డు చూసి దించినవాడికి నిండా వేస్తున్నది మా లెక్చరర్లే.

డిగ్రీ పిల్లలు ఊళ్లలో ఇంటింటి సర్వే చేయాల్సిన కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు వచ్చేసరికి ఈ అలవాటు ఊళ్ల మీద పడుతుంది. రెండిళ్లకు వెళ్లి, మిగతా ఫారాలు రామమందిరం అరుగు మీద కూర్చుని నింపేస్తారు. మనది ఉద్దానం ఉన్న జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బుకు అసలు కారణం ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా ఇదమిత్థంగా తేలలేదు. తాగే నీళ్లా, ఎండలో పనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? తేల్చాలంటే ఏ ఇంట్లో ఏ నీళ్లు తాగుతున్నారో, ఎన్ని గంటలు తోటలో ఉంటున్నారో గడపగడపకూ తిరిగి అడగాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చింది, సంతోషం. రేపు దాని తరఫున సర్వేకి వెళ్లేది ఈ పిల్లలే కావచ్చు. నిజమైన ఫారాల్లో కలిసిపోయిన దొంగ ఫారాన్ని తర్వాత ఏరడం ఎవరి తరం?

పెద్ద చదువులు చదివితే ఇది పోతుందనుకోకండి. పంజాబ్ విశ్వవిద్యాలయంలో వి.జె. గుప్తా అనే భూగర్భశాస్త్ర ఆచార్యుడు వేరే దేశాల శిలాజాలను హిమాలయాల్లో దొరికినట్టు ఏళ్ల తరబడి వ్యాసాలు రాశారు. 1989లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ టాలెంట్ నేచర్ పత్రికలో ఆ గుట్టు బయటపెట్టారు. గుప్తాను నమ్మి ఆయనతో కలిసి వ్యాసాలు రాసినవాళ్లు ఇరుక్కున్నారు. గుప్తా గారి ఉద్యోగం మాత్రం పోలేదు.

యూజీసీ 2018 నిబంధనల్లో థీసిస్‌లో కాపీ 60 శాతం దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. ఆ తర్వాత పీహెచ్‌డీ వాళ్లకు పరిశోధన నైతికతపై రెండు క్రెడిట్ల కోర్సు కూడా తప్పనిసరి చేశారు. మంచిదే, కానీ అప్పటికి అలవాటు ముదిరిపోయి ఉంటుంది. పైగా కాపీ పట్టే సాఫ్ట్‌వేర్ వాక్యాలను పట్టుకోగలదు గానీ, కల్పించిన రీడింగును పట్టుకోలేదు.

డిగ్రీలో దీనికోసం వేరే పేపరు పెట్టమని అడగను. పెడితే నెలకే గైడు వచ్చేస్తుంది. ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసే పద్ధతి మార్చండి చాలు. రీడింగులు ల్యాబులోనే పెన్నుతో రాయించి, అక్కడే లెక్చరర్ సంతకం పెట్టాలి. కొట్టివేతలు ఉంటే ఉండనివ్వండి. విలువ తేడాగా వచ్చినప్పుడు ఎందుకొచ్చిందో రాసినవాడికి పూర్తి మార్కులు ఇవ్వాలి. ప్రాజెక్టు ఫారాల్లో కొన్నింటినైనా తీసి, ఆ ఇళ్లకు ఎవరైనా వెళ్లి అడగాలి. పరికరం లేని చోట ‘ఈ ప్రయోగం చేయలేదు’ అని పిల్లాడు రికార్డులో ధైర్యంగా రాసుకోగలగాలి. అలా రాసినందుకు ఒక్క మార్కు కూడా తగ్గకూడదని మీ శాఖ నుంచి రాతపూర్వకంగా ఉత్తర్వు రావాలి. నోటిమాటగా చెబితే ఏ ప్రిన్సిపాలూ ఒప్పుకోరు.

ఇట్లు,
విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
శ్రీకాకుళం జిల్లా