తోడేలు కుక్కైంది ఒక్కరోజులో కాదు

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం సంచికలో కుక్కల మీద వేసిన వ్యాసం బానే ఉంది గానీ, ఆదిమానవుడు తోడేలు పిల్లల్ని ఎత్తుకొచ్చి మచ్చిక చేసుకున్నాడని ఒక్క ముక్కలో తేల్చేశారు, అదొక వాదన మాత్రమే కదండీ. మనుషులు పారేసిన ఎముకలు, మాంసం ముక్కల కోసం బెదురు తక్కువున్న తోడేళ్లే దగ్గరకొచ్చి, వాటి పిల్లలు ఇంకాస్త బెదురు తగ్గి, అలా తరాల తరబడి జరిగిందనేది ఇంకో వాదన, నాకైతే ఇదే నమ్మబుద్ధేస్తుంది. రష్యాలో జన్యుశాస్త్రవేత్త బెల్యాయెవ్ 1959లో మొదలుపెట్టిన నక్కల ప్రయోగం చూడండి, సాధు స్వభావం ఉన్నవాటినే ఎంచి పిల్లల్ని పెట్టిస్తే కొన్ని తరాలకే తోకూపడం మొదలెట్టాయి!

ఇంకోటి, 1914లో జర్మనీలోని ఓబర్‌కాసెల్‌లో ఇద్దరు మనుషులతో పాటు పూడ్చిన కుక్కపిల్ల ఎముకలు దొరికాయి, దాదాపు 14,000 ఏళ్ల నాటివి. పళ్ల మీద గుర్తుల్ని బట్టి దానికి డిస్టెంపర్ అనే ప్రమాదకరమైన కుక్కల జబ్బు వచ్చిందనీ, ఎవరో దగ్గరుండి చూసుకోకపోతే ఆ జబ్బుతో వారాల తరబడి బతికేది కాదనీ పరిశోధకులు అంటున్నారు. వేటకి పనికిరాని జబ్బు కుక్కకి అంత సేవ, అదీ వ్యవసాయమే లేని రోజుల్లో! వ్యాసంలో వేట, కాపలా అంటూ రెండు కాలమ్‌లు రాసి దీని గురించి ఒక్క లైను కూడా వేయలేదేంటండీ?

ఇట్లు,
మీ పాఠకుడు