అక్టోబరు 2 గ్రామసభలో తాబేళ్ల మాట రావాలి: గంజాం జిల్లా కలెక్టరు గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన గంజాం జిల్లా కలెక్టరు గారికి,

నమస్కారములు. ఒడిశాలో ఋషికుల్యా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర తరతరాలుగా చేపల వేట మీద బతుకుతున్న తెలుగు కుటుంబాలలో ఒకదానికి చెందినవాడిని. ఇప్పుడు బడిలో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఈ తీరంలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్ల రక్షణకు సంబంధించిన చర్చలు పట్టణాల సమావేశ మందిరాలలోనే ముగిసిపోకుండా మా గ్రామసభలలో, మేము ఇంట్లో మాట్లాడుకునే భాషలో కూడా జరగాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

తాబేళ్లు మూకుమ్మడిగా గుడ్లు పెట్టే చోటుగా ఈ తీరం శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1994లో. మా పెద్దలకు మాత్రం అది అంతకు ముందే ఎరిగిన సంగతి. 2025 ఫిబ్రవరిలో కొద్ది రోజుల వ్యవధిలోనే దాదాపు 7 లక్షల తాబేళ్లు ఒడ్డెక్కాయి. ఒక్కొక్క తల్లి వెనక కాళ్లతో ఇసుక తోడి, సుమారు నూరు గుడ్లు పెట్టి, గుంట పూడ్చి, ఒంటితో దాని మీద దబదబ మోది ఇసుకను గట్టిపరిచి సముద్రంలోకి వెళ్లిపోతుంది. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. ఆ రోజులలో అటవీ శాఖ కంచెలు వేస్తోంది, మా కుర్రాళ్లు రాత్రులు తీరం కాస్తున్నారు. అయినా చాలడం లేదు.

కొన్నేళ్ల క్రితం ఏప్రిల్ నెలలో ఒక రాత్రి నేను చూసినది చెబుతాను. ఇసుకలోంచి అప్పుడే పైకి వచ్చిన పిల్లలు, నీటి మీది వెలుగును పట్టుకుని సముద్రం వైపు పాకవలసినవి, వెనక్కి తిరిగి ఊరి వైపు పాకసాగాయి. తీరానికి దగ్గరగా ఉన్న ఒక ప్రాంగణంలో తెల్లవార్లూ వెలిగే పెద్ద దీపం వాటిని లాగింది. వాటి జాడలు తడి ఇసుక మీద దువ్వెనతో గీసినట్టు సరుగుడు తోట దాకా సాగాయి. మా అమ్మ చీర కొంగులోకి, నేను బక్కెట్టులోకి ఏరి నీటి అంచున వదిలాము. మా చేతికి అందనివాటిని తెల్లవారేసరికి కాకులూ కుక్కలూ మిగల్చలేదు. ఆ దీపం ఆర్పమని ఎవరిని అడగాలో ఆ రోజు ఊళ్లో ఒక్కరికీ తెలియలేదు.

అడగవలసిన చోటు గ్రామసభ అని నా నమ్మకం. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థా జీవవైవిధ్య నిర్వహణ కమిటీని ఏర్పాటు చేయాలి, ఊరి ప్రజల జ్ఞానంతో అక్కడి జీవవైవిధ్యం గురించి రిజిస్టరు రాయించాలి. తీరపు పంచాయతీల కమిటీలలో వేటకు వెళ్లేవారికీ, చేపలు ఎండబెట్టే ఆడవారికీ చోటు ఇప్పించండి. నది మొగ ఎటు జరుగుతోందో, ఏ ఇసుక తిన్నె ఏ తుపానుకు కోసుకుపోయిందో మా ముసలివారికి నోటి లెక్కగా తెలుసు. అది కాగితం మీదికి రావాలి.

అక్టోబరు 2న గ్రామసభ జరుగుతుంది, అదే రోజు వన్యప్రాణి వారోత్సవం మొదలవుతుంది, నవంబరు 1 నుంచి మే 31 వరకు మొగ దగ్గరి సముద్రంలో తీరం నుంచి 20 కిలోమీటర్ల దాకా చేపల వేట నిషేధం ఉంటుంది. కాబట్టి ఆ సభలోనే ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వైపు దీపాలు ఆర్పాలని తీర్మానం చేయించండి. ఆ వారంలోనే ఊరంతా కలిసి చిరిగిన వలల ముక్కలు ఏరే కార్యక్రమం పెట్టించండి. గాలి పీల్చుకోవడానికి పైకి రావలసిన ప్రాణి వలలో చిక్కితే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. నిషేధం బరువు మొదట పడేది మా పొయ్యి మీద గనుక, ఆ నెలలకు ఇచ్చే భృతి నవంబరులోనే చేతికందేలా చూడండి.

భాష సంగతి చిన్నదిగా తీసుకోవద్దని మనవి. నేను హాజరైన ఒక అవగాహన సభలో ప్రసంగాలన్నీ ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ సాగాయి. బజారులో బేరానికి సరిపడా ఒడియా మాకు వస్తుంది, చట్టం మాటలు అర్థం కావు. తిరిగి వస్తుంటే ఒక పెద్దాయన నన్ను, "ఇంతకీ మన వలల గురించి ఏం చెప్పారు నాయనా?" అని అడిగాడు.

ఈ అక్టోబరు 2న మీరు గానీ, మీ తరఫున ఒక అధికారి గానీ మా సభకు దయచేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను. తీర్మానాన్ని తెలుగులో రాసి, అందరికీ చదివి వినిపించే పని నేను చేస్తాను.

భవదీయుడు,
ఋషికుల్యా తీరపు ఒక బడిపంతులు